‘ఉంది’ని ‘ఉండేది’గా దిద్దినందుకు

కార్మిక భద్రతాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: లాండ్రీలో ఇస్త్రీగది వెనుక తలుపు గురించిన ఫిర్యాదు ఫైలును తిరిగి తెరిపించుట.

నేను ఆ లాండ్రీ భోజనాల గదిలో పనివారికి సాయంత్రం పూట ఇంగ్లీషు నేర్పు మేష్టరును. విన్నవించుకొనునది ఏమనగా:

1. "ఆఫీసరుకు ఉత్తరం" అని అభ్యాసం ఇచ్చితిని. అందరూ వీధిదీపం గురించి, కుళాయి గురించి రాసిరి. మేమంతా ఇస్త్రీ అక్క అని పిలిచే ఆమె మాత్రం "డోర్ ఈజ్ లాక్" అని రాసెను. ఆ వారం పాఠం భూతకాలం. ఎర్ర కలంతో "డోర్ వాజ్ లాక్డ్" అని దిద్దితిని.

"అప్పుడెప్పుడో వేసి తీసేసిన తాళం కాదు మేష్టారూ, ఇప్పుడూ ఉంది" అన్నది.

"ముందు వ్యాకరణం నేర్చుకోమ్మా" అంటిని. పాపం, నా మాట నమ్మి, దిద్దినట్టే తిరగరాసి తమరికి పోస్టు చేసెను.

2. తమ ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు ఆ తలుపు బార్లా తెరిచి ఉన్నది. ముందురోజే గడియకు నూనె పూసిరట. ఆయన వస్తున్నట్టు లాండ్రీ యాజమాన్యం చెవిన ఎవరు వేసిరి? తమ ఆఫీసుపై నింద మోపుట లేదు. అనుమానం మాత్రం పోవుట లేదు.

3. తమ జవాబు: "తాళం గతంలో ఉండెనని ఫిర్యాదుదారే రాసినందున ఫైలు మూసివేయడమైనది." అయ్యా, అది నా వాక్యం. ఆమెది కాదు.

4. వారం నుంచి సూపర్‌వైజరు మా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుంటున్నాడు. ఒక్క ముక్క రాయడు. ఎవరేం రాస్తున్నారో మెడ సాచి చూస్తాడు. మొన్న నవ్వుతూ, "ఆ అక్కకి అంత మంచి ఇంగ్లీషు ఎక్కడిది మేష్టారూ?" అన్నాడు.

"నేనే దిద్దాను."

"అయితే తాళం సంగతి మీకూ తెలుసన్నమాట."



5. నిన్న గొడుగు మరిచిపోయానన్న వంకతో ఇస్త్రీగదిలోకి వెళ్లాను. ఆవిరిలో ఎదుటి మనిషి కనబడడు. పద్దెనిమిది మంది ఆడవాళ్లు పనిలో ఉన్నారు. వెనక తలుపు తాళం చేత్తో పట్టుకుని చూశాను. ఉంది.

కావున తమ వద్దనున్న ఉత్తరంలో నా ‘వాజ్’ను కొట్టివేసి, ఆమె రాసినదే రికార్డులో ఉంచి, మరల తనిఖీ చేయించ ప్రార్థన. ఆమె నోటుపుస్తకంలోని అసలు పేజీ జతపరచడమైనది. నన్ను మన్నించకపోయినా సరే, దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సాయంత్రపు ఇంగ్లీషు మేష్టరు

తా.క.: కవరు అంటించబోతుంటే ఇస్త్రీ అక్క వచ్చింది. రేపటి నుంచి పనిలోకి రావద్దన్నారట. ఆమె ముందు తలెత్తలేకపోయాను. "నా ఉద్యోగం గురించి రాయకండి మేష్టారూ. ఆ గదిలో మా చెల్లెలుంది, అది రాయండి" అంది. అయ్యా, ఏ రోజు వస్తారో ఎవరికీ చెప్పకండి. మీ ఆఫీసులో కూడా.