ఫీడ్‌లో మీ ప్రార్థన మనవి

ఏవండీ,

ఇది మీరు చదవరని తెలుసు. కానీ ఇంత భయం మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

మీ బ్లాగులో ఏం రాసినా చర్చి వెబ్‌సైట్‌లో దానంతటదే కనబడేలా ఫీడ్ పెట్టింది మీరే కదా. మీరు పోయాక దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు. నిన్న ఈ క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళోని మన చర్చి వాళ్ళు సైట్‌ని కొత్త సర్వర్‌కి మార్చారట.

ఇవాళ నాకు ఆఫ్. పొద్దున్నే రూతు ఆంటీ ఫోన్ చేశారు. కూతురి దగ్గరికి ఈమధ్యే ఈ ఊరొచ్చి మన చర్చిలో చేరారు, మీరెవరో ఆవిడకి తెలియదు.

"అమ్మా, ఎవరో బ్రదర్‌కి రేపు ఆపరేషనట, సైట్‌లో పెట్టారు. పాపం, చిన్నవాడే. చైన్ ప్రేయర్ మొదలెట్టేశాం. పది నుంచి పదకొండు నీ వంతు."

సైట్ తెరిచాను. అన్నిటికంటే పైన మీ ఫోటో. దాని కింద ఇవాళ్టి తేదీ. "రేపు నాకు ఆపరేషన్. నా కోసం ప్రార్థించండి."

సర్వర్ మార్చినప్పుడు ఫీడ్ పాత పోస్టుల్ని కొత్తవనుకుని ఉంటుంది. మీరైతే నవ్వేసి ఐదు నిమిషాల్లో సరిచేసేవారు. నేను మాత్రం ఆ తేదీనే మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ పోస్టు పెట్టిన మర్నాడే మిమ్మల్ని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్ళారు, మళ్ళీ ప్రాణాలతో బయటికి రాలేదు.

ఆంటీకి ఫోన్ చేసి ఆపమని చెప్పాలి. రెండుసార్లు నంబర్ నొక్కి పెట్టేశాను.

పది కొట్టింది. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆపరేషన్ బాగా జరగాలని అడగడానికి నోరు రాలేదండీ.

రేపు రాకూడదని అడిగాను.