త్రిజానుడి కొలతలు

ఫిబ్రవరి 3

నీలిధూళి సినిమాల వరుస మళ్ళీ మొదలవుతున్నది. ఈ సమాచారాన్ని నాకు అందజేసిన అధికారి మా బావమరిది, ప్రొడక్షన్ మేనేజరు. అందజేసిన స్థలం మా ఇంటి మెట్లు. పన్నెండేళ్ళ కిందట ఐదో భాగం ఫ్లాపయిన రోజున కూడా ఇతనే ఇక్కడే నిలబడి, ఇక ఆ గ్రహం మూతపడింది బావా, అన్నాడు. ఈరోజు స్కూటర్ దిగకుండానే, గ్రహం మళ్ళీ తెరుస్తున్నారు బావా, పాత సామానంతా మార్చేస్తారట, అన్నాడు.

హీరో మారతాడు. హీరోయిన్ మారుతుంది. అంతరిక్ష నౌక సైతం మారుతుందట. ప్రకటనలో “సరికొత్త తారాగణం” అని వేశారు. నా విషయంలో ఆందోళనకు తావు లేదు. ఐదు భాగాలలోనూ నా ముఖాన్ని ఒక్క ప్రేక్షకుడూ చూసి ఎరగడు. చూడని ముఖానికి వయసు రాదు.

నేను త్రిజానుడిని. మూడు కాళ్ళ గ్రహవాసిని. జనం పెట్టిన పేరు మూడుకాళ్ళ మామ. రెండు కాళ్ళు నావి, మూడోది ఫోమ్‌తో చేసి, నడుముకు బెల్టు కట్టి వెనుక వేలాడదీసినది. రెండడుగులు వేసి నడుమును ఒక్క విసురు విసిరితే ఆ కాలు తనకూ బుద్ధి ఉన్నట్టు వచ్చి నేలమీద నిలబడాలి. ఈ విద్యను నాకు ఎవరూ నేర్పలేదు. ఆ రోజుల్లో వీధుల్లో పిల్లలు వెనుక కర్ర కట్టుకుని తిరిగేవారు. హీరోలా నడిచిన పిల్లవాడు నా కంటబడలేదు.

ఫిబ్రవరి 11

ఆఫీసుకు పిలిచారు. నన్ను ఒక గదిలో, మా ఆవిడను ఇంకో గదిలో కూర్చోబెట్టి కాన్ఫిడెన్షియల్ అగ్రిమెంట్ మీద సంతకాలు తీసుకున్నారు. సినిమాకు సంబంధించిన ఏ విషయాన్నీ జీవిత భాగస్వామితో సహా ఎవరికీ వెల్లడించరాదు. మా ఆవిడ మొదటి భాగం నుంచీ కాస్ట్యూమ్స్ చూస్తున్నది. నా సూట్ ఆమె సృష్టి. మొదట్లో దానికి జిప్ ఉండేది కాదు. రోజూ ఉదయం నన్ను లోపల పెట్టి వీపు మీద కుట్టేసేది, సాయంత్రం కత్తెరతో కోసి బయటికి తీసేది. ఆ మాత్రం నమ్మకం కుదిరిన తర్వాత పెళ్ళి కేవలం ఫార్మాలిటీ.

ఒకే బస్సులో, ఒకే సీటులో ఇంటికి వచ్చాము. సినిమా మినహా లోకంలోని సమస్త విషయాలనూ చర్చించాము. కిటికీలోంచి కనబడిన ఒక టైర్ల దుకాణం గురించి ఆమె చాలాసేపు మాట్లాడింది.

ఫిబ్రవరి 20

వెనుక గది వర్క్‌షాప్ అయింది. తలుపుకు తాళం. ఇంట్లో జిగురు వాసన. ఆ వాసనకు నాకు ఆకలి వేస్తుంది, పాత అలవాటు.

బావమరిది వచ్చి మా ఇద్దరినీ చూసి, ఇల్లు కాదిది, రెండు దేశాలు, నాకు టీ ఏ దేశం ఇస్తుందో చెప్పండి, అన్నాడు. అతనికి టీ నేనిచ్చాను. మా ఆవిడ నవ్వలేదు. వాడికి పనీపాటా లేదు, అని లోపలికి వెళ్ళి గడియ వేసుకున్నది.

ఒక విషయం నమోదు చేయదగినది. నా కొలతలు ఆమె తీసుకోలేదు. పన్నెండేళ్ళు గడిచాయి, నడుము కొంత విస్తరణకు లోనయింది, అయినా టేపు నా దరిదాపులకు రాలేదు. నాడి చూసి రోగం చెప్పే వైద్యుల గురించి విన్నాను. చూడకుండానే భుజం కొలత చెప్పగల భార్య నాకు ఉన్నదని ఈ సందర్భంగా గర్విస్తున్నాను.

ఫిబ్రవరి 24

సూట్ దృష్ట్యా కాఫీలో పంచదార మానేశాను. కారణమేమిటని ఆమె అడిగింది. అగ్రిమెంట్ ప్రకారం చెప్పలేనన్నాను. ఆమె చెంచాడు పంచదార తెచ్చి తనే కలిపి, ఈ వయసులో మీకెందుకండీ ఈ కడుపు మాడ్చుకోవడాలు, హాయిగా తాగండి, అన్నది.

ప్రేమ అనేది ఇలాంటి చిన్న విషయాల్లోనే బయటపడుతుంది.

మార్చి 2

కొత్త డైరెక్టర్‌ను కలిశాను. నా మొదటి భాగం వచ్చేనాటికి పాలపళ్ళతో ఉన్నవాడు. మీ వెనకాలే కర్ర కట్టుకుని పెరిగాను సార్, అన్నాడు. కంట తడి కూడా పెట్టాడు. ఆ తర్వాత నాకు ఒక బాధ్యత అప్పగించాడు. ఈసారి త్రిజానుల గుంపే ఉంటుందట. గుంపుకు నడక రావాలి కదా, గురువుగారు మీరే, అన్నాడు.

నేర్చుకోవడానికి వచ్చినది ఒక జిమ్నాస్ట్ అమ్మాయి. ఒక్కతే. మిగతా గుంపు ఏదని అడిగాను. ముందు ఈమెకు వస్తే ఈమె అందరికీ నేర్పుతుంది సార్, అన్నాడు. పరిపాలనా దృష్టితో చూస్తే ఏర్పాటు సమంజసంగానే ఉన్నది.

మార్చి 9

అమ్మాయి బల్లల మీద పల్టీలు కొట్టగలదు గానీ మూడో కాలిని నిలబెట్టలేకపోతున్నది. విసిరిన ప్రతిసారీ అది తిరిగి వచ్చి ఆమె పిక్క మీదే తంతున్నది. కాలా, సవతా మాస్టారూ ఇది, అన్నది. నాకు నవ్వు వచ్చింది. చెప్పుచేతల్లో పెట్టాలని చూడకమ్మా, అది నీ వెంట తప్పనిసరిగా వచ్చే ముసలి బంధువనుకో, నువ్వు ఆగితే తనే ఆగుతుంది, అని చెప్పాను.

మధ్యాహ్నానికి ఆగింది. రిహార్సల్ హాలులో ఎవరూ లేరు. ఇద్దరమే చప్పట్లు కొట్టుకున్నాము.

మార్చి 10

నడుము పట్టేసింది. ఈ విషయం అధికారికం కాదు.

మార్చి 17

అమ్మాయికి ఈరోజు మలుపు నేర్పాను. వెనక్కి తిరిగేటప్పుడు మూడో కాలు అన్నిటికంటే ముందు తిరగాలి, ఒళ్ళు దాని వెంట వెళ్ళాలి. ఐదు భాగాలలో ఏ కెమెరా కూడా ఈ కిటుకును పట్టుకోలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఈమెకు ఎందుకు చెప్పానంటే, బాగా అడిగింది. అంతే.

ఒక్కసారికే వచ్చేసింది. నాకు రెండేళ్ళు పట్టింది.

మార్చి 21, మధ్యాహ్నం 3

మా ఆవిడ జిప్పులు కొనడానికి బజారుకు వెళ్ళింది. వెనుక గదికి తాళం వేయడం మరిచింది. ఇరవై నిమిషాలు నేను హాల్లోనే కూర్చుని అగ్రిమెంట్‌ను గౌరవించాను.

తరువాత వెళ్ళాను.

సూట్ దర్జీ బొమ్మ మీద నిలబడి ఉంది. అందంగా ఉంది. ఆమె చేతికి వయసు రాలేదు. మెడ దగ్గర పొలుసులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, వెలుతురు పడిన చోట ఊపిరి తీసుకుంటున్నట్టు ఉన్నాయి. నా చొక్కా విప్పి, బొమ్మ మీద నుంచి సూట్ తీసి, కాళ్ళు దూర్చాను. కాళ్ళు పోలేదు. తొడల దగ్గరే ఆగిపోయాయి. నా తప్పేననుకున్నాను, పంచదార తిన్నాను కదా. చేతుల వైపు నుంచి ప్రయత్నించాను. భుజాలు. నా భుజాలలో సగానికి సరిపోయే భుజాలవి. నడుము ఒక పిడికెడు. ఛాతీ దగ్గర కుట్టు ఆడమనిషికి కుట్టినట్టు వంపు తిరిగి ఉంది.

పెళ్ళయిన నాటి నుంచీ ఈమె చేతి కుట్టులో నాకు ఊపిరాడకపోవడం ఇదే మొదటిసారి. ఒక చెయ్యి లోపలే ఇరుక్కుంది. దాన్ని బయటికి తీసుకోవడానికి గోడకు ఆనుకుని చాలా శ్రమపడ్డాను. చంక దగ్గర ఒక కుట్టు తెగింది.

ఇప్పుడు అర్థమయింది, టేపు నా దగ్గరికి ఎందుకు రాలేదో.

అదే రోజు, సాయంత్రం 6

ఆమె వచ్చి చంక కుట్టు చూసింది. నన్ను చూసింది. జిప్పుల కవరు బల్ల మీద పెట్టింది.

అడిగాను. మొదట అగ్రిమెంట్ అన్నది. సంతకం పెట్టిన రోజే వేషం మారుతుందని ఆ గదిలో నాకు చెప్పారు, మీకు తెలియకూడదన్నారు, నేనేం చేసేదండీ, అన్నది. తరువాత నా ఒంటి సంగతి ఎత్తింది. ఐదో భాగంలో మీరు సూట్‌లో స్పృహ తప్పితే కత్తిరించి తీసింది నేను, యూనిట్ కాదు, అన్నది. అదీ నిజమే. ఆఖరున నడక సంగతి ఎత్తింది. మీకు ముందే తెలిస్తే ఆ పిల్లకు నడక నేర్పేవారా, నేర్పకపోతే కంప్యూటర్‌లో గీసేసేవాళ్ళు, ఆ నడకైనా మిగలాలని ఊరుకున్నాను, అన్నది. మూడు కారణాలు. మూడూ కాళ్ళున్నవే.

ఇవన్నీ కాదు, ఉన్నది చెప్పమన్నాను.

దారం కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తరువాత చెప్పింది. అన్నేళ్ళూ మీ భుజాలకే కుట్టానండీ. కళ్ళు మూసుకుని కుట్టేదాన్ని. ఆ పిల్ల వచ్చి చేతులు చాపి నిలబడితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు నాకు. అలా తెలీకపోయి ఎన్నాళ్ళయిందో. నాకూ కొత్తది కుట్టాలనిపించింది. తప్పయితే తప్పే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టినవాడికి ఏం చేయాలో మాత్రం ఏ సామెతా చెప్పదు.

మార్చి 22

మాట్లాడుకోలేదు. అగ్రిమెంట్ ఇప్పుడు సంపూర్ణంగా అమలులో ఉంది.

మార్చి 24

రిహార్సల్ హాలుకు వెళ్ళాను. వెళ్ళకూడదనే అనుకున్నాను. అమ్మాయి ఎదురొచ్చి, మాస్టారూ, మీ అంతట మీరే వేషం నాకిచ్చేశారట కదా, మా డైరెక్టర్ చెప్పారు, ఎవరిస్తారండీ ఈ రోజుల్లో అలా, అన్నది. ఆమె కళ్ళలో నీళ్ళు. డైరెక్టర్ దగ్గర కూడా ఇవే నీళ్ళు చూశాను గానీ, ఈమెవి నిజమైనవి. కాదని చెప్పడానికి నోరు తెరిచి, దగ్గాను.

మలుపును ఈమెకు తప్పుగా మార్చి చెప్పాలనే ప్రతిపాదన ఒకటి నా పరిశీలనకు వచ్చింది. కాలు ముందు కాదమ్మా, ఒళ్ళు ముందు, అంటే చాలు. ఆరో భాగమంతా మూడుకాళ్ళ మామ తప్పతాగినట్టు తిరుగుతాడు. ప్రతిపాదనను రెండు మార్లు చదివాను. వేషం పోయింది, నడక నాది. దాన్ని నేనే కుంటిదాన్ని చేయలేను. ప్రతిపాదన తిరస్కరించడమైనది.

మలుపు ఇంకొకసారి చేసి చూపించాను. సరిగానే.

ఏప్రిల్ 4

బావమరిది మెట్ల దగ్గరికి వచ్చాడు. ఈసారి స్కూటర్ దిగాడు. దిగాడంటేనే కీడు శంకించాను. అక్క అన్నం సరిగ్గా తినట్లేదు బావా, అని మొదలుపెట్టాడు. నేనూ తినడం లేదని సమాచారం ఇచ్చాను. నువ్వు తినకపోయినా కనబడదు బావా, అన్నాడు. తరువాత అసలు సంగతికి వచ్చాడు. కథలో మొదటి సీన్‌లో ముసలి త్రిజానుడు చనిపోతాడు. వాడి శవం పక్కన నిలబడి కూతురు ప్రతిజ్ఞ చేస్తుంది. ఆ కూతురే ఈ జిమ్నాస్ట్. శవం వేషానికి ఎవరైనా సరిపోతారు, కానీ నిన్ను అడగకుండా ఎలాగని అడుగుతున్నాం, ఇదైనా దాచకుండా చెప్తున్నాం బావా, అన్నాడు. చెప్తూ తన చెప్పుల వంక చూశాడు.

అంటే అన్నేళ్ళ ఉద్యోగానికి రిటైర్‌మెంట్ ఆర్డరు. ఛీ పొమ్మనడానికి తగిన కారణాలు నా దగ్గర పుష్కలంగా ఉన్నాయి. కానీ నేను కాదంటే నా శవంగా ఇంకెవడో పడుకుంటాడు. మూడో కాలిని ఎటు పడేయాలో కూడా వాడికి తెలియదు.

ఒప్పుకున్నాను.

ఏప్రిల్ 6

ఉదయం ఆమె వెనుక గదిలోంచి వచ్చింది. మెడలో టేపు. కుర్చీ పక్కన నిలబడింది. నేను పేపర్ మడిచి, లేచి, చేతులు చాపాను. భుజం, ఛాతీ, నడుము. నడుము దగ్గర టేపు చాలలేదు, కొస పట్టుకోవడానికి నా చుట్టూ చెయ్యి వేయవలసి వచ్చింది. తల నా భుజానికి ఆనింది. కొంచెంసేపు అలాగే ఉంది. కొలతకు అంత సమయం అవసరం లేదు.

బిగుతుగా కుట్టనా, వదులుగానా, అని అడిగింది. పడుకోవడానికే కదా, నీ ఇష్టం, అన్నాను. ఏదో ఒకటి అనండి, తిట్టండి పోనీ, అన్నది.

వదులుగా, అన్నాను.

ఏప్రిల్ 19

చనిపోయాను.

మొదటి టేక్‌లో శవం ఊపిరి తీసుకుంటోందని డైరెక్టర్ అభ్యంతరం తెలిపాడు. రెండో టేక్‌లో తీసుకోలేదు. కూతురు ప్రతిజ్ఞ చేసి, మలుపు తిరిగి వెళ్ళిపోయింది. చప్పుడును బట్టి చెబుతున్నాను, కాలే ముందు తిరిగింది. కట్ అన్నారు. నేను అప్పటికీ ఊపిరి తీసుకోలేదు. ఎవరో పరుగెత్తుకొచ్చారు. తల తొడుగు లాగేస్తున్నారు, గోళ్ళు తగులుతున్నాయి. ఏమండీ, ఏమండీ, అన్నది. బతికే ఉన్నారా అని అడిగింది.

ఇంకా పాత్రలో ఉన్నందున జవాబు చెప్పలేదు.