దీపం దగ్గర ఫొటో

మరిదికి, నీ క్షేమం కోరుతూ వదిన రాస్తున్నది.

నిన్న మీ జిల్లా కమిటీ వాళ్లు ఇద్దరు ఇంటికి వచ్చారు. మన పార్టీ దేవుడికి వ్యతిరేకం కాదని ఎన్నికల ముందు జనానికి చూపించాలట. అందుకని ఇక్కడ శాఖ పెట్టిన మీ అన్నయ్య దేవుడి ముందు దీపం వెలిగిస్తుంటే ఫొటో తీస్తారట. కాదంటే సభ్యత్వం తీసేస్తారట.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో సభ్యుల ఇళ్లలో దేవుడి పటం ఉండకూడదనేవారు. "నమ్మనిది నేను, ఆవిడ కాదు" అని మీ అన్నయ్య కమిటీకి చెప్పి, నా పటాన్ని వంటింట్లో ఉండనిచ్చారు. నేను దీపం పెట్టే వేళకు చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లేవారు. ఇప్పుడు మంచం దిగలేక గోడవైపు తిరిగి పడుకుంటున్నారు.

వాళ్లు అగ్గిపెట్టె చేతిలో పెడితే ఆయన నావైపు చూసి నవ్వారు.

"ఏ ఎండకా గొడుగు పట్టడం నాకు రాదే. నువ్వే చెప్పు, నీ దేవుడేగా."

నేను అగ్గిపెట్టె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. వాళ్లు వచ్చే వారం మళ్లీ వస్తారట.

కార్యదర్శివి నువ్వే కదా, వాళ్లను ఆపు నాయనా. నాకు వాదించే ఓపిక లేదు. ఆయన కోసం రోజూ నేను దణ్ణం పెడుతూనే ఉన్నాను. ఆయన చేత పెట్టించకండి.

మీ వదిన