నక్షత్రం తాడు దయామణి చేతికే

కడప జిల్లా, జమ్మలమడుగు టౌనులో కాపురముంటూ, ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు నర్సుగా చేసి మానుకున్న, కీర్తిశేషులు పొన్నతోట ఆశీర్వాదం గారి భార్య తబితమ్మ అనే నేను, నా అరవై మూడో ఏట, దేవుని ఎదుట, నా ఇంటి వసారాలో కూర్చుని, దస్తావేజుల రాతగాడు ఆదినారాయణకు చెప్పి రాయించిన మరణశాసనం ఏమనగా:

గుండె కాస్త గడబిడ చేస్తున్న మాట నిజమే. తల మాత్రం శుభ్రంగా ఉంది. ఎవరి బలవంతమూ లేదు, నన్ను బలవంతపెట్టగలిగినవాడు జమ్మలమడుగులో ఇంకా పుట్టలేదు. నాలుగు రోజుల్లో క్రిస్మస్ ముందటి సాయంత్రం. పొయ్యి మీద నూనె కాగుతోంది, నాకు కాళ్ళు నేల మీద ఆగడం లేదు. అందుకని కజ్జికాయలు ఒత్తుకుంటూనే చెబుతున్నాను. ఈ కాగితం మీద నూనె మరక కనిపిస్తే అది దస్తావేజుకు దోషం కాదు.

1. నాకు కడుపున బిడ్డలు పుట్టలేదు. 1943 డిసెంబరు పదో తేదీన చాపాడు వైపు నుంచి ఎద్దులబండిలో మా ఆసుపత్రికి వచ్చిన ఒక నిండు చూలాలు ఆడబిడ్డను కని, మూడో రోజు జ్వరంతో కన్నుమూసింది. బండి తోలుకొచ్చినవాళ్ళు మళ్ళీ తొంగిచూడలేదు. క్రిస్మస్ దాకా ఎదురుచూసి, ఆ బిడ్డను నా కొంగులో చుట్టుకొని ఇంటికి తెచ్చుకున్నాను. ఆమే దయామణి, నా కూతురు. ఈ పదో తేదీకి పద్దెనిమిది నిండాయి. మా క్రైస్తవులలో పెంచుకున్న బిడ్డకు చట్టం దానంతటది ఆస్తి ఇవ్వదట. నేను కాగితం రాయకుండా పోతే ఇల్లంతా నా అన్న కొడుకు ప్రభుదాసుకు పోతుందట. ఆదినారాయణ ఈ మాట చెప్పగానే నా చేతిలో అప్పడాల కర్ర కింద పడింది. "అయితే యాడికీ పోవద్దప్పా, ఈడనే కూచోని రాయి" అన్నాను.

2. నా స్వార్జితమైన ఈ మిద్దె ఇల్లు, పెరడు, వేపచెట్టు, బావిలో సగం హక్కు, పెట్టె బేడా సమస్తమూ నా తదనంతరం దయామణికి సర్వహక్కులతో చెందవలెను. ఇందులో ఎవరికీ ఏ తగాదా లేదు. ఉన్నదని వచ్చినవాడికి ముందు కడుపునిండా అన్నం పెట్టి, తరువాత ఈ కాగితం చూపించవలెను.

3. మా ఇంటి క్రిస్మస్ నక్షత్రం, అనగా వెదురు బద్దల చట్రం, లోపలి లాంతరు, మిద్దె మీది వాసం, లాగే తాడు. ఇరవై నాలుగో తేదీ పొద్దు వాలగానే ఇంటి బిడ్డ ఆ తాడు లాగాలి, లాగుతూ ఇంట్లో అందరి పేర్లూ చెప్పి ప్రార్థన చేయాలి. ఇది మా నాయన నాటి నుంచి వస్తున్న పద్ధతి. నిరుడు దయామణి తాడు పట్టుకుంటే ప్రభుదాసు లాక్కున్నాడు. "ఇంటి బిడ్డ లాగాల. నువ్వు యాడి నుంచి వచ్చినావో ఎవురికి తెల్సు?" అన్నాడు. లాగుతూ అందరి పేర్లూ చెప్పాడు, మా బర్రె పేరు కూడా. దయామణి పేరు చెప్పలేదు. బిడ్డ లోపలికి పోయి పిండి కలుపుతూ కూర్చుంది, ఆ పూట అన్నం ముట్టలేదు. పండగ పూట రచ్చ ఎందుకని నేను నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది. కావున ఆ తాడు దయామణికి. ఈ ఒక్క అంశం నేను చచ్చేదాకా ఆగదు. ఈ నెల ఇరవై నాలుగు సాయంత్రం నుంచే అమలు!

4. "పద్ధతి తెలియని పిల్ల" అని ప్రభుదాసు ఇంకో మాట అంటుంటాడు. అదీ రాయప్పా అన్నాను. పండగకు మేము తురకల ఇళ్ళకు వండిన పళ్ళెం పంపేవాళ్ళం. రైతుల ఇళ్ళవాళ్ళు కులం పట్టింపుతో మా చేతివంట తినరు గనుక వాళ్ళకు బియ్యం, బెల్లం, టెంకాయ పచ్చిగానే పంపేవాళ్ళం. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు పదేళ్ళ దయామణి రెండు పళ్ళేలూ తారుమారు చేసి ఇచ్చి వచ్చింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ముందుగా తురకల ఇంటి దిల్షాద్‌బీ వచ్చి, "ఏంది తబితమ్మా, పండగ పూట బియ్యమిచ్చి నన్నే వండుకోమంటాండావా?" అని నవ్వింది. ఆ వెనకే రైతుల ఇంటి వెంకటరమణమ్మ ఖాళీ పళ్ళెంతో వచ్చి గడపలో నిలబడింది. తిడుతుందని తల వంచుకున్నాను. "ఇంత బాగుండే కజ్జికాయలు ఇన్నేండ్లు మాకు పెట్టకుండా దాచుకుంటివి గదమ్మా, శానా అన్యాయం" అంది. ఆనాటి నుంచి ఆ ఇంటికీ వండిన పళ్ళెమే పోతోంది. పెద్దవాళ్ళం ఇరవై ఏళ్ళు చేయలేని పని అది. పద్ధతి ఎవరికి తెలియదో చదివేవాళ్ళే తేల్చుకోవచ్చు.

5. కజ్జికాయల కొయ్య అచ్చు దిల్షాద్‌బీకి. పదేళ్ళుగా దాని మీద కన్నేసింది పాపం. రంజానుకు నాకు సేమ్యా ఆమే పెట్టింది.

6. వెంకటరమణమ్మకు ఏమీ రాయలేదు. సాక్షికి ఏదైనా రాస్తే ఆ రాసింది చెల్లదట. ఇత్తడి పళ్ళెం కావాలా, సాక్ష్యం కావాలా అని అడిగితే, "పళ్ళెం పండగ పండగకూ నీ కూతురు తెస్తాది లే, ఏలిముద్ర యాడ ఎయ్యాల్నో చూపీ" అంది.

7. పులివెందులలో బడిపంతులుగా ఉన్న ప్రభుదాసుకు, మా నాయన పెద్దక్షరాల బైబిలు. దాని మొదటి పేజీలో మా ఇంటి పుట్టుకలన్నీ రాసి ఉన్నాయి. వాడి పేరు కింద దయామణి పేరు నా చేతిరాతతో ఉంది. రోజూ చూసుకోనీ. అయినా వాడు నా అన్న బిడ్డ, అమ్మవారు పోసినప్పుడు ఇరవై రోజులు నా ఒడిలో పడుకున్నవాడు. వాడి మీద కోపం ఉంది, కడుపుమంట లేదు. క్రిస్మస్‌కు వాడికి ఒక విస్తరి ఈ ఇంట్లో ఎప్పుడూ ఉండవలెను.

8. దయామణికి ఒకే ఒక్క షరతు. తాడు లాగేటప్పుడు ప్రార్థనలో అందరికంటే ముందు ప్రభుదాసు పేరు చెప్పాలి. నాకు తెలుసు తల్లీ, కష్టమే. చెప్పు.

9. దీనిని అమలు జరపవలసినవాడు దిల్షాద్‌బీ కొడుకు, దర్జీ హుమాయున్. మా పండగ గుడ్డలన్నీ కుట్టేవాడు, చెప్పిన నాటికి తెచ్చిచ్చేవాడు. ఇరవై నాలుగు సాయంత్రం పులివెందుల బస్సు దిగి ప్రభుదాసు మా ఇంటికి రాగానే, నక్షత్రం ఎత్తేముందు, అందరి ఎదుట హుమాయున్ దీనిని గట్టిగా చదవాలి. నేను పక్కనే కూర్చుని వింటాను. చచ్చినాక చదివితే నాకేం వినిపిస్తుంది?

దిద్దుబాటు: ఒకటో అంశంలో రాతగాడు మొదట "నేను పెంచుకొన్న అనాథ పిల్ల" అని రాయగా, నేను చదివించుకొని, ఆ మాటలు కొట్టించి, "నా కూతురు" అని రాయించాను. ఈ కాగితంలో కొట్టివేత ఇది ఒక్కటే. ఇది నా సమ్మతితో జరిగినది.

1961 డిసెంబరు 20, బుధవారం, జమ్మలమడుగు.

(సంతకం) పొన్నతోట తబితమ్మ

సాక్షులు:
వెంకటరమణమ్మ, రైతు, ఎడమచేతి బొటనవేలి ముద్ర
హుమాయున్, దర్జీ, సంతకం

వ్రాసినవాడు: ఆదినారాయణ