వదిన పాడిన వలస పాట

నర్సన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన బృందం పాటలను ఈరోజు వనపర్తిలో క్యాసెట్టు కోసం రికార్డు చేశాం. నిన్న గద్వాలలో ప్రదర్శన, రేపు నాగర్‌కర్నూలులో. మధ్యలో దొరికింది ఈ ఒక్క పూటే.

రోజూ పాడీ పాడీ నా గొంతు బొంగురుపోయింది. నువ్వు రాసిన వలస పాట దగ్గర మూడుసార్లు ఆగిపోయాను.

"నువ్వు జర కూసో. గిది నేను పాడుత," అంది వదిన.

ఏడాదిగా ఆ పాట మొదలవగానే వేదిక దిగిపోయే మనిషి, ఎక్కడా తడబడకుండా పాడింది. అట్టమీద పేరేం వేయాలని రికార్డింగు చేసినతను అడిగాడు.

"అందరు నర్సన్న పెండ్లామంటరు. నా పేరు ఎల్లమ్మ. గదే రాయి."

నువ్వుంటే ఆ అట్టను ఊరంతా తిప్పి చూపించేవాడివి.

నీ చెల్లె