ఎర్ర అక్షరాల వరస

పెద్దమ్మాయి అమ్మకు, ఇంటి దగ్గర నుంచి మీ ఆయన రాసేది. ఇక్కడ నేనూ కుట్టుమిషనూ క్షేమం. మిషను కంటే నేనే కాస్త నయం. అక్కడ నీ చెయ్యి కుదుటపడుతోందనీ, చిన్నమ్మాయీ పిల్లలూ బాగున్నారనీ తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. వేళకే తింటున్నాను. వంటింటి కిటికీ బిగించాను. స్కూలు బ్యాడ్జీలు కాలేదు. కంప్యూటర్లో నువ్వు గీసిన కుట్టుపూలు భద్రమేనా అని మూడు ఉత్తరాల్లో అడిగావు. మూడింటికీ నేను వాతావరణం గురించి రాశాను. ఈసారి అదొక్కటే రాస్తాను. ఫోనులో నాకు మాట పెగలదు, నీకు తెలుసు.

నువ్వు వెళ్ళిన వారానికి, ఆ పూలని మిషను చేత కుట్టించే ప్రోగ్రాము మొండికేసింది. పాత సిస్టమ్ మీద ఇక నడవదట, కొత్తది వేసుకోవాలట. వేద్దామని కూర్చుంటే సగంలో ఆగి, డిస్కులేవీ లేవంది. కంప్యూటర్ పెట్టె విప్పి చూశాను. రెండు డిస్కులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఉన్నవాటిని లేవంటుంటే ఒళ్ళు మండదా?

మనం రేపటాయన అని పిలుచుకునే రిపేరు షాపతని దగ్గరికి వెళ్ళాను.

“పెద్దాయనా, డిస్కులకేం కాలేదు. వాటిని సిస్టమ్‌కి చూపించే చిన్న ప్రోగ్రాము ఉంటుంది, డ్రైవరంటాం. లోపం దాన్లో ఉంది. ఇంకోటి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తా, అడిగినప్పుడు ఇవ్వండి.”

“మీరే వచ్చి వెయ్యకూడదూ?”

“రేపొస్తాగా.”

ఇచ్చింది పెట్టాను. ఎంత పనైందో చూపే గీత సగం దాకా పాకింది. తెరంతా నీలంగా అయిపోయి, మళ్ళీ మొదటికొచ్చింది. ఆరుసార్లు అదే తంతు. పెన్‌డ్రైవ్ వెనక పెట్టాను, ముందు పెట్టాను, తుడిచి పెట్టాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఇంట్లో ఎవరూ లేరులే.

మళ్ళీ వెళితే ఇంకో దారి చెప్పాడు. “మీ డిస్కులు జంటగా కట్టి ఉన్నాయి. ఆ జంటంటేనే ఈ డ్రైవరుకి పడదు. సెట్టింగులో విడివిడిగా చూపించమని మార్చండి, దీంతో పనే ఉండదు. ముందు కాపీ తీసుకోండి సుమా!”

మార్చాను. డిస్కులు రెండూ బుద్ధిగా కనబడ్డాయి. కాపీ తియ్యలేదు. ఈ పెట్టె కొన్నప్పుడు పెద్దమ్మాయి ఏమంది? “రెండిట్లోనూ ఒకటే ఉంటుంది నాన్నా, ఒకటి పోయినా రెండోదాన్లో అంతా ఉంటుంది” అంది కదా. అంచేత మొదటిదాన్ని తుడిచి, దాని మీద సిస్టమ్ వేశాను. మిషను కదిలింది. రెండోదాన్ని తెరిస్తే నీ పూలున్నాయి. పది నెలల కిందటి దాకానే ఉన్నాయి. ఆ తరవాతవి ఒక్కటీ లేవు.

రేపటాయన ఆ రోజు పరుగెత్తుకొచ్చాడు. చూసి తల పట్టుకున్నాడు. “ఈ రెండోది ఎప్పుడో జంటలోంచి తప్పుకుంది పెద్దాయనా. అప్పట్నుంచీ మీ పనంతా మొదటిదాన్లోనే పడుతోంది. ఆన్ చెయ్యగానే రోజూ ఎర్రగా రాసి చూపిస్తుందే, చూళ్ళేదా?”

“లేదు” అన్నాను.

చూశాను. రోజూ పొద్దున్నే కీచుమని కూత పెట్టి ఎర్ర అక్షరాల వరసొకటి వచ్చేది. ఆ ఇంగ్లీషు నాకు రాదు. ఏదో ఒక కీ నొక్కితే పోయేది. వంటింట్లోంచి “ఏమండీ, ఆ కూతేంటి?” అని నువ్వడిగావు. “ఏం లేదు” అన్నాను. పెద్దమ్మాయిని అడగొచ్చు. ఇంత చిన్నదానికి అడిగితే ఏమనుకుంటుందోనని అడగలేదు. పది నెలలు నొక్కాను.

నీ వేళ్ళు ఇక మునుపటిలా గీతలు గియ్యలేవని డాక్టరు చెప్పాడని రాశావు. ఆ ఉత్తరం వచ్చేసరికి నీ చివరి గీతలన్నీ నేను తుడిచేసి ఉన్నాను. ఇదీ నేను దాచింది.

నీ నోటుబుక్కులో లెక్క చూశాను. పోయినవి పందొమ్మిది. గీత పోయినా కుట్టింది ఉంటుంది కదా అని తట్టింది. నమూనా గుడ్డల డబ్బాలో పన్నెండు దొరికాయి. భూతద్దం పెట్టి కుట్లు లెక్కబెట్టి, గళ్ళ కాగితం మీద దింపుతున్నాను. పువ్వుకి రెండు రోజులు పడుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, భూతద్దం వల్లే.

ఇంకో ఆరు కొన్నవాళ్ళ దగ్గర ఉన్నాయి. ఇల్లిల్లూ తిరిగాను, నేను! బేకరీ ఆవిడ ఏప్రన్ విప్పి చేతిలో పెట్టింది. పళ్ళ డాక్టరు దగ్గర మాత్రం నోరు రాలేదు. “ఏ పన్ను?” అన్నాడు. చెప్పలేక నోరు తెరిచాను. కుర్చీలో పడుకుంటే కోటు జేబు మీది పువ్వు సరిగ్గా నా కళ్ళ ముందుకొచ్చింది. ఆయన నా పళ్ళు చూశాడు, నేను ఆయన కుట్లు లెక్కబెట్టాను. పళ్ళు భేషుగ్గా ఉన్నాయట.

పందొమ్మిదోది పువ్వు కాదు, తూనీగ. నోటుబుక్కులో దాని పక్కన ఎవరి పేరూ లేదు. డబ్బాలో లేదు, బీరువాలో లేదు. అడిగినవాళ్ళంతా తెలీదన్నారు. అది పోయిందనే అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం ఉతుకుదామని నా దిండు గలీబు తీశాను. మూలన తూనీగ ఉంది.

ఎప్పుడు కుట్టావు? నువ్వు చెప్పలేదు, నేను చూడలేదు. ఇన్నాళ్ళూ దాని మీదే తల పెట్టుకున్నాను. రాపిడికి ఒక రెక్క అరిగిపోయింది. మూడు రెక్కలు లెక్కబెట్టాను. నాలుగోదాని కుట్లు ఎన్నో, ఎటు తిరిగాయో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పాలి. కోప్పడాలనుంటే ముందు కోప్పడి, ఆ తరవాత చెప్పు.

గలీబు ఉతకలేదు.

ఇట్లు,
నీ పిల్లల తండ్రి