డబ్బాల మీద నీ పేరు

సైదులన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ మీద నా కుళ్లు మాత్రం పోలేదు.

కోదాడ, మిర్యాలగూడల నుంచి సూర్యాపేట షెడ్డుకు వచ్చే పాత స్కూటర్ బ్యాటరీలను ఇప్పుడు నేనే విప్పుతున్నాను. కోబాల్ట్ ఉన్న సెల్స్ ఒక డబ్బాలో, లేనివి ఇంకో డబ్బాలో ఏరి పెడుతున్నాను. నువ్వు నేర్పలేదు, నీ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను. ఆ కోబాల్ట్, లిథియం మన దేశంలో సరిపడా లేవట, ఫ్యాక్టరీవాళ్లు మన చెత్త కోసం ఎగబడుతున్నారు. కానీ వాళ్ల నమ్మకమంతా నీ చేతి మీదే, నువ్వు లేవని తెలిస్తే కొనరని షెడ్డు సేటు భయం. అందుకే ఏడాదిగా నేను నింపిన ప్రతి డబ్బా మీద నీ పేరే రాశాను.

ఈ రోజు ఫ్యాక్టరీ సారు వచ్చి డబ్బా తట్టాడు. "సైదులు చెయ్యి పడ్డంక ఇగ సూసేదేంది? ఎక్కించుండ్రి."

నాకు ఒళ్లు మండింది. "సైదులన్న సచ్చి ఏడాదైంది సార్. గిదంతా నేను ఏరిందే."

సేటు తల పట్టుకున్నాడు. సారు లారీ ఆపించాడు. "అయితే డబ్బాలన్నీ విప్పు."

సాయంత్రం దాకా వెతికినా ఒక్క తప్పు దొరకలేదు. నా పేరు అడిగి రాసుకున్నాడు. "మంచిగనే చేసినవ్. వచ్చేసారి గూడ గిట్లనే విప్పి సూపెట్టాలె" అన్నాడు.

నీ డబ్బా ఒక్కటైనా ఆయన ఎన్నడూ విప్పించలేదన్నా.